విజయ సంస్కృతికి పన్నెండు బకెట్లు

"ఇకపై మన స్కార్‌విక్ పిల్లలకు ఓటమన్నదే ఉండదు!" అని మేయర్ ఓడ్‌వార్ గారు వాఫుల్ ముక్క మింగి మరీ ప్రకటించారు. ఆ వాఫుల్ వండిన తల్లిదండ్రులే చప్పట్లూ కొట్టారు. నార్వేలో ఊరి పనులన్నీ శ్రమదానంతోనే జరుగుతాయి.

చప్పట్లు కొట్టనిది సిగ్రున్ ఒక్కతే. తొమ్మిదేళ్ల ఆడపిల్లలకు హ్యాండ్‌బాల్ నేర్పే కోచ్ ఆమె. వాళ్లు ఆడే హాలు పైకప్పు కారుతోంది, కోర్టులో పన్నెండు బకెట్లున్నాయి. పోయిన వారం గోల్‌కీపర్ ఇంగ్విల్ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ముందు ఆ పైకప్పు సంగతి చూడండి, ఓడ్‌వార్ గారూ."

"ఓడేవాళ్లే పైకప్పు వంక చూస్తారమ్మా. గెలిచేవాళ్లు గోలు వంక చూస్తారు."

"గోలుకి అడ్డంగా బకెట్ ఉందండీ."

"ఇదిగో, ఈ నెగటివ్ మైండ్‌సెట్టే వద్దనేది!"

మర్నాడే ఓస్లో నుంచి మైండ్‌సెట్ సలహాదారు దిగాడు. మహా మేధావి. రాగానే బకెట్లకు 'అవకాశాలు' అని పేరు పెట్టాడు. పైకప్పు బాగుచేద్దామని నిచ్చెనలతో వచ్చిన తండ్రుల చేత గోడ మీద 'మేం గెలుస్తాం' అని రాయించాడు. మూడో రోజుకి 'గెలుస్తాం' నీళ్లకు కారిపోయింది. 'మేం' మాత్రం మిగిలింది.

సిగ్రున్ ఒళ్లు మండి మేయరునే నిలదీసింది. "శనివారం మ్యాచ్ ఓడిపోతే?"

"ఓడితే సోమవారమే పైకప్పు వేయిస్తా. మాటంటే మాటే!"

శనివారం పక్కూరి పిల్లలు చితక్కొట్టారు. మనవాళ్లు బకెట్ల మధ్య జారుతూ, లేస్తూ, ఏడుస్తూ ఆడారు. సిగ్రున్‌కి లోపల సంతోషమూ కలిగింది, అందుకు సిగ్గూ వేసింది. విజిల్ మోగగానే మేయరు దగ్గరికి పరుగెత్తింది.

"ఓడిపోయాం! పంతొమ్మిది–మూడు! పైకప్పు!"

మేయరు మొహం పాలిపోయింది. "లెక్కపెట్టావా?"

"పెట్టాను."

"తొమ్మిదేళ్ల పసిపిల్లల గోల్సు లెక్కపెట్టావా? ఈ వయసు ఆటకి స్కోరు ఉండకూడదని దేశమంతా నియమం పెట్టుకుంటే, కోచ్‌వై ఉండి నువ్వే..."

చుట్టూ ఉన్న తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"అందరూ చూశారు కదండీ!"

"చూశారు. ఎవరూ లెక్కపెట్టలేదు. స్కోరే లేనప్పుడు ఓటమి ఎక్కడిదమ్మా?"

"మరి గెలుపెక్కడిది?"

"అది మైండ్‌సెట్!"

మేయరు గారు ఆమెను క్షమించారు కూడా. పెద్ద మనసు.

సోమవారం పొద్దున్నే హాలు పైకి నలుగురు పనివాళ్లు ఎక్కారు. డ్రిల్లింగ్ చప్పుడు విని సిగ్రున్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లు కప్పుకి ఎనిమిది చిల్లులు పొడిచి, 'విజేతల నిలయం' అని బోర్డు బిగించి దిగిపోయారు.

సాయంత్రం వాన మొదలైంది. సిగ్రున్ కొట్టుకి వెళ్లి ఇంకో ఎనిమిది అవకాశాలు కొనుక్కొచ్చింది.