తూనికలాయన ఇంట్లో తరుగు

ఆ వీధిలో కొట్లవాళ్లందరికీ తూనికలాయనంటే హడలు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరాయన. కొట్లోకి అడుగుపెట్టి, సరైన తూకమని సర్కారు ముద్ర వేసిన ఇనుప ముద్రరాయిని కాటా మీద పెట్టి, ముల్లు ఏ మాత్రం తేడా చూపినా తలెత్తకుండా ఒకటే ప్రశ్న వేసేవాడు. "కాటా తప్పా, మనిషి తప్పా?" పాతికేళ్ల సర్వీసులో మనిషిదని ఒప్పుకున్న కొట్టువాడు ఒక్కడూ లేడు. అందరూ నేరాన్ని కాటా నెత్తిన రుద్దేవారు. ఆయన గంభీరంగా విని, నోటీసు రాసి చేతిలో పెట్టేవాడు.

అంతటి మనిషి ఒకరోజు ఆఫీసు మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర కూలబడ్డాడు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె మీద భారం ఎక్కువైందన్నాడు. మూడు నెలల్లో ఎనభై నాలుగు కిలోల నుంచి ఎనభైకి లోపు దిగకపోతే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చన్నాడు. పొద్దుటి టిఫిను మానేసి మొలకలు తినమన్నాడు. పక్కన కూర్చున్న భార్య ఆ మాటలు వింటూ చేతిసంచి పట్టీని మెలితిప్పుతూనే ఉంది.

ఆవిడ బడిలో లెక్కల పంతులమ్మ. ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. పెసలు పళ్లెంలో పోసి పుచ్చులూ ముక్కలూ ఏరేసేది. నీళ్లలో పైకి తేలినవి పారబోసేది. నానినవాటిని తడిగుడ్డలో వదులుగా మూటగట్టి, పూటపూటా కడిగేది. మొలక గోరంత రాగానే తడి బాగా ఆరనిచ్చి, డబ్బాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టేది. కాస్త జిగురు తగిలినా, వాసన తేడా అనిపించినా డబ్బా మొత్తం పారేసేది. పొద్దున్నే వాటికి ఆవిరి పట్టి, గిన్నెలో పోసి బల్ల మీద పెట్టి, ఏడింటికల్లా బడికి వెళ్లిపోయేది.

మొదటిరోజు తూనికలాయన ఒక చెంచాడు నోట్లో వేసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. పశువులు తిన్నదాన్నే మళ్లీ మళ్లీ ఎందుకు నములుతాయో ఆయనకు ఆ వేళ అర్థమైంది. రెండోరోజు వంటింటి కిటికీ తెరిచి, గోడ మీది పావురాలకు గిన్నె బోర్లించి, వీధి చివరి హోటల్లో కడుపునిండా టిఫిను తిని ఆఫీసుకెళ్లాడు.

చిక్కల్లా ఆదివారంతో వచ్చింది. ఇంట్లో మనుషులెక్కి తూచుకునే కాటా ఒకటుంది. వారం వారం ఆయన్ని దాని మీద నిలబెట్టి, ఆ అంకె క్యాలెండరులో రాస్తానంది పంతులమ్మ. మొలకలు పావురాలు తింటే తగ్గడం ఆయన వల్ల ఎలా అవుతుంది? శనివారం మధ్యాహ్నం ఆయన కాటా అడుగు విప్పి, లోపలి స్ప్రింగు మరను రవ్వంత తిప్పాడు. ఖాళీగా ఉంటే ముల్లు సున్నా మీదే ఉంటుంది. మనిషి ఎక్కాకే అబద్ధమాడుతుంది. ఆ పని చేసిన కొట్టువాళ్లను ఎంతోమందిని పట్టుకున్నవాడు కాబట్టి చెయ్యి తిరిగినట్టే చేశాడు.

అలా వారానికోసారి తిప్పుతూ పోయాడు. ముల్లు కూడా వారానికింత చొప్పున బుద్ధిగా దిగుతూ వచ్చింది. ఎనిమిదో ఆదివారానికి డెబ్భై తొమ్మిది.

మూడో ఆదివారం మాత్రం చిన్న గండం వచ్చిపడింది. పంతులమ్మ ఇంట్లో ఉండగానే పావురాలు వచ్చి కిటికీ అద్దం మీద ముక్కులతో టకటకమని కొట్టాయి. వీధిలో ఇన్ని ఇళ్లుండగా ఇవి మన కిటికీకే ఎందుకొస్తున్నాయని అడిగిందావిడ. పావురాలు మంచివాళ్లను కనిపెడతాయన్నాడాయన. ఆవిడ ఆయన్ని ఒకసారి, బాగా బలిసిన ఆ పావురాలను ఒకసారి చూసి, గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఈలోగా మొలకల మహిమ కిందింటావిడ చెవిన పడింది. మనిషి కాస్త భారీ. ఆవిడా రోజూ గిన్నెడు మొలకలు తిని, ఆదివారం పైకొచ్చి కాటా ఎక్కేది. నెల తిరగకుండానే నాలుగు కిలోలు తగ్గానని మురిసిపోయి, బట్టలన్నీ బిగించి కుట్టించుకుంది. తీరా ఒక్కటీ ఒంటికి పట్టలేదు. దర్జీ కొలతలు దొంగ కొలతలనీ, వాడి టేపు పరీక్షించి నోటీసివ్వాలనీ తూనికలాయన దగ్గరికే ఫిర్యాదు తెచ్చింది. ఆయన దగ్గుతూ విచారిస్తానన్నాడు.

తొమ్మిదో ఆదివారం ఆయన దిగాక పంతులమ్మ కాటా ఎక్కింది. ఇన్ని వారాల్లో ఆవిడ ఎక్కడం అదే మొదలు. ముల్లు వంక చూసి దిగింది. మళ్లీ ఎక్కింది. దిగి వంటింట్లోకి వెళ్లింది.

ఆయన వెనకే వెళ్లాడు.

"నలభై ఎనిమిది చూపిస్తోంది. నేను యాభై రెండు" అంది నెమ్మదిగా. "నాలుగు కిలోలు తరిగాను. తిండి తగ్గలేదు, ఏమీ లేదు. కారణం లేకుండా మనిషి తరిగిపోతే మంచిది కాదంటారు."

తరుగు అన్న మాట ఆయన ఆఫీసులో రోజూ వినేదే. బస్తాలో తరుగు, బుట్టలో తరుగు. పెళ్లాం నోట వినడం మాత్రం ఇదే మొదలు.

"రండి, పెసలు ఏరడం నేర్చుకోండి" అంటూ ఆవిడ పళ్లెం ఆయన ముందు పెట్టింది. "నేనున్నా లేకపోయినా ఇది ఆగకూడదు. పుచ్చువి వేలికి తేలిగ్గా తగులుతాయి. అదిగో, అది పుచ్చు. తీసేయండి."

ఆయన తీశాడు. నానబెట్టే గింజలు మునిగేలా నీళ్లు ఎంత పోయాలో చెప్పింది. మూట బిగిస్తే లోపల కుళ్లుతాయంది. పాత గుడ్డలు ఏ అరలో ఉన్నాయో చూపించింది. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. ఆయనకు మాత్రం పళ్లెంలో పెసలు కనబడటం మానేశాయి. పాతికేళ్లు తనతో కాపురం చేసిన మనిషి తను తిప్పిన మరకు బెదిరి చావు లెక్కలు వేసుకుంటోందని ఆయనకు ఏడుపొచ్చింది.

"నువ్వేం తరగలేదోయ్. కాటాలో తేడా ఉంది" అన్నాడు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్లింది. అక్కడున్న ఆయన తనిఖీల పెట్టెలోంచి ఇరవై కిలోల ముద్రరాయిని రెండు చేతులా మోసుకొచ్చి, కాటా మీద పెట్టింది. ముల్లు పంతొమ్మిది కూడా చూపలేదు.

"కాటా తప్పా, మనిషి తప్పా?" అంది.

పాతికేళ్లుగా తను అడిగిన ప్రశ్న తనకే ఎదురుపడేసరికి తూనికలాయన నేల చూపులు చూశాడు.

"మనిషిదేనండీ" అన్నాడు. పెళ్లాన్ని అండీ అనడం ఆయనకు అదే మొదటిసారి.

"ఎప్పుడు తెలిసింది?" అని మెల్లగా అడిగాడు.

"మూడో ఆదివారం. మీరు తగ్గుతుంటే పావురాలు లావెక్కుతున్నాయి. లెక్క కుదరలేదు."

"అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే కాటా తప్పనేవారు." ఆవిడ కొంగు మెలితిప్పడం మొదలుపెట్టింది. "ఈ పూట పావుగంట భయపడ్డారు మీరు. డాక్టరు చెప్పినప్పటి నుంచీ నా బతుకంతా ఆ భయమే. మీ ఆఫీసు ఫోన్ నంబర్లు, గ్యాసు పుస్తకం, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో అన్నీ రాసుకుంటున్నాను. ఒక్కదాన్నే ఉండాల్సొస్తే కావాలని. మీరేమో పావురాల్ని పెంచుతున్నారు."

ఆయన వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు. కాటా అడుగు విప్పి, ముద్రరాయి సరిగ్గా ఇరవై చూపేదాకా మర వెనక్కి తిప్పి, దాని మీద తనే నిలబడ్డాడు. ఎనభై ఆరు. మూడు నెలలకు ఇంకా మిగిలింది నాలుగు వారాలు. ఆవిడ క్యాలెండరులో పాత అంకెలన్నీ కొట్టేసి, అసలు అంకె వేసి, కింద ఆయన చేత సంతకం చేయించుకుంది. కిందింటావిడకూ దర్జీకీ క్షమాపణ ఆయనే స్వయంగా చెప్పుకోవాలంది.

మర్నాడు పంతులమ్మ బడికి గంట ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుంది. తూనికలాయన గిన్నెలోంచి చెంచా చెంచా తీసుకుని నమిలాడు. కిటికీ అద్దం మీద పావురాలు టకటకమని కొట్టాయి. నోటినిండా మొలకలతో ఆయన వాటివైపు తిరిగి ఖాళీ చెంచా ఎత్తి చూపించాడు.

"అటు కాదు, ఇటు చూసి తినండి" అంది పంతులమ్మ.