జపాను వేగ వాహన అభిమాన సంఘం ప్రథమ సమావేశం

1984వ సంవత్సరంలో జపాను వేగపు కార్ల గురించి ఈ దేశంలో ఉన్న సమస్త జ్ఞానమూ తిరుపతిలో, ఆదిమూలం దర్జీ కొట్టు వెనక గదిలో భద్రంగా ఉండేదని సవినయంగా మనవి చేస్తున్నాను. (కార్లు ఉండేవి కావు. కార్లున్నవాళ్లకి జ్ఞానం సంపాదించే తీరిక ఎక్కడిది?)

సంఘం అధ్యక్షుడు ఆదిమూలం. సాంకేతిక సలహాదారు చంద్రగిరి మెకానిక్ షఫీవుల్లా. కార్యదర్శిని నేను, రామచంద్రని, ప్రభుత్వ గుమాస్తాని. సభ్యులు కూడా మేం ముగ్గురమే. మద్రాసులో కొన్న పాత పత్రికలు చదివి చదివి, ఏ కారు ఎన్ని సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగం అందుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల స్థితికి చేరుకున్నాను. ఆఫీసుకి మాత్రం సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. ఎదురుగాలి ఉంటే దిగి నడిచేవాణ్ణి.

"మీరు ఒక్కసారన్నా అట్లాంటి కారును ముట్టుకోనుండారా?" అని ఒకరోజు నా భార్య పంకజాక్షి అన్నం వడ్డిస్తూ అడిగింది. వెక్కిరింతగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

ఆ వారంలోనే కొండకి వస్తున్న ఒక మద్రాసు ఆసామి కారు చంద్రగిరి దగ్గర ఆగిపోయింది. ఎర్రది. జపానుది. సింగపూరు నుంచి తెచ్చుకున్నాడట. క్లచ్ ప్లేటు పోయింది, కొత్తది తెప్పించేదాకా కారును షఫీవుల్లా షెడ్డులో వదిలి వెళ్లాడు. మేం ముగ్గురం దాని చుట్టూ గంటసేపు నిలబడ్డాం. ఆదిమూలం అలవాటు కొద్దీ టేపు తీసి దాని చుట్టుకొలత తీసుకున్నాడు.

ఆదివారం చంద్రగిరి కోట ఎదుటి మైదానంలో ప్రథమ సమావేశం జరపాలని తీర్మానించాం. దానికి వాహన సమ్మేళనాల అనుమతి విభాగంలో కుప్పయ్యగారి సంతకం కావాలి.

"సమావేశం ఎందుకప్పా?" అని అడిగాడాయన.

"ఊరికే సార్. కారు చూసి, మాట్లాడుకోని, ఇండ్లకు పోతాము."

"ఊరికే అంటే ఏ పద్దు కింద రాసేది? పెండ్లా, ఊరేగింపా, సంతా?"

అరగంట చర్చించాక 'సంత (కొనుట, అమ్ముట లేనిది)' అని రాశారు. స్వయంగా తనిఖీకి వస్తానని కూడా హెచ్చరించారు.

ఇక కారును మైదానానికి చేర్చాలి. షఫీవుల్లా ససేమిరా అన్నాడు.

"గీత పడితే నా షెడ్డు మూసుకోవల్సిందే అన్నా. ఆయన నన్ను నమ్మి ఇడిసిపోయినాడు."

గీత పడితే ఉద్యోగం అమ్మైనా బాగు చేయిస్తానని మాటిచ్చాను. (గుమాస్తా ఉద్యోగం ఎవరు కొంటారని అతను అడగలేదు. మంచివాడు.) చివరికి చిన్నబ్బ అనే రైతు తన ఎద్దుల జత తెచ్చాడు. కారు ముందువైపు తాడు కట్టాం. స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను.

మైలున్నర దూరం. గంటకి రెండు మైళ్ల వేగం. గుంత వచ్చినప్పుడల్లా షఫీవుల్లా పక్కన పరుగెత్తుతూ "ఎడమకన్నా, ఎడమకు!" అని అరిచాడు. దారిలో జనం నవ్వారు. నాకు వినిపించింది గానీ పట్టలేదు. నా నలభై ఒక్క ఏళ్ల జీవితంలో అంత వేగంగా ఎన్నడూ వెళ్లలేదనిపించింది.

మైదానంలో కుప్పయ్యగారు రిజిస్టరుతో సిద్ధంగా ఉన్నారు.

"ఇంజను ఆడతాండాదా?"

"లేదు సార్, క్లచ్..."

"లాగింది ఎవరు?"

"ఎద్దులు."

"అయితే ఇది ఎద్దుల బండి. ఎద్దుల పేర్లు చెప్పు."

"కర్రోడు, మైలోడు," అన్నాడు చిన్నబ్బ గర్వంగా. పేర్లు నమోదయ్యాయి.

సరిగ్గా అప్పుడే అద్దె కారులో మద్రాసు ఆసామి దిగాడు. చేతిలో క్లచ్ ప్లేటు. షెడ్డు దగ్గర కారు లేకపోతే ఎద్దుల అడుగులు పట్టుకుని వచ్చాడట.

"ఎన్నయ్యా ఇదు!" అని తన తమిళంలో ఒక్క కేక వేశాడు.

షఫీవుల్లా ముఖం పాలిపోయింది. "తప్పు నాది సార్, ఆయనది కాదు," అన్నాను. ఆసామి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూశాడు. ఎక్కడా ఒక్క గీత లేదు.

"స్టీరింగు ఎవరు పట్టింది?" అన్నాడు, ఈసారి తెలుగులో. నేను చెయ్యెత్తాను. "మంచి చెయ్యి. క్లచ్ ఎయ్యనీ, నిన్ను ఒక రౌండు తిప్పుతాను."

షఫీవుల్లా నాలుగు గంటలు కారు కింద పడుకుని క్లచ్ బిగించాడు. ఇంజను గర్జించింది. ఆసామి తలుపు తీసి నన్ను పిలిచాడు.

"ఆగప్పా," అన్నారు కుప్పయ్యగారు. "ఎద్దుల బండిగా లోపలికొచ్చినాది. కారుగా ఎట్ల బయటికి పోతాది? రూపాంతర పత్రం మూడు ప్రతులు రాయల్ల. కార్యదర్శి సంతకం."

కార్బన్ కాగితం లేదు. మూడూ చేత్తోనే రాయాలి. రెండో ప్రతిలో ఉండగా ఆసామి గడియారం చూసుకుని, "ఎవరన్నా రండయ్యా, పొద్దు పోతా ఉంది," అన్నాడు. దగ్గరగా నిలబడిన చిన్నబ్బ ఎక్కి కూర్చున్నాడు. మొదటి ప్రతి చేతికందింది గనుక కుప్పయ్యగారు కారును పోనిచ్చారు గానీ, మిగతావి పూర్తయ్యేదాకా కార్యదర్శిని కదలనివ్వలేదు.

ఆ మోడలు ఎన్ని సెకన్లలో నూరు అందుకుంటుందో నాకు తెలుసు. ఆ సెకన్లలో నేను 'మైలోడు' అన్న పేరు కొట్టేసి చిన్న సంతకం పెడుతున్నాను. తలెత్తేసరికి దుమ్ము ఉంది. ఆసామి చిన్నబ్బని రోడ్డు మలుపులో దించి, అటునుంచి అటే మద్రాసు వెళ్లిపోయాడు.

"ఎట్లుండాది?" అని మలుపుదాకా పరుగెత్తి ఆయాసపడుతూ అడిగాను.

చిన్నబ్బ తలగుడ్డ తీసి ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాడు. "చెప్పేదానికి రాదప్పా," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

తర్వాతి ఆదివారం చిన్నబ్బ దర్జీ కొట్టుకి వచ్చి, తననీ సంఘంలో చేర్చుకోమన్నాడు. సభ్యత్వ పరీక్ష పెట్టాం. ఇంజను గురించి అడిగిన మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పలేకపోయాడు. 'కారు ఎక్కిన అనుభవం కలదు, విషయ పరిజ్ఞానం లేదు' అని కారణం చూపి దరఖాస్తు తిరస్కరించాం. సంతకం నేనే పెట్టాను.