స్టోరుగారి స్నేహితుడి లేతు మిషను

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. స్టోరుగారు చెప్పిన అబద్ధం అతికింది. ఎంత బాగా అతికిందంటే, దాన్ని ఊడబెరకడానికి నలభై రోజులు పట్టింది. ఊడబెరికింది కూడా ఆయన కాదు.

స్టోరుగారంటే ఒక కంపెనీలో నలభై ఏళ్లు స్టోర్ కీపరు. నట్టులు, బోల్టులు, బేరింగులు, దేనికి దానికి ఒక అర, అరకో చీటీ. "స్టోరుగారూ, పావంగుళం బోల్టు!" అని ఎవరైనా కేకేస్తే కళ్లు మూసుకుని తీసిచ్చేవారు. రిటైరై ఏడాదైంది. ఆ ఏడాదిలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటి గంట మోగితే ఆయనే పరిగెత్తి తలుపు తీసేవారు. వచ్చినవాళ్లు ఆయన భుజం మీంచి లోపలికి చూసి, "టైలరమ్మగారు లేరాండీ?" అనేవారు.

టైలరమ్మ ఆయన భార్య. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని సగం వీధికి బట్టలు కుడుతుంది. ఆ గదిలో రోజంతా కొలతలు, కబుర్లు, నవ్వులు. స్టోరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారో, కబుర్లన్నీ ఠక్కున ఆగిపోతాయి. "మీరు కాస్త లోపలికెళ్లండీ" అంటుంది ఆవిడ, మర్యాదగానే. లోపల గోడ గడియారం ఉంది. ఆయన దానికేసి చూసేవారు, అది ఆయనకేసి చూసేది. ఇద్దరికీ వేరే పని లేదు.

కాలక్షేపానికని మొదట చేపల తొట్టి కొన్నారు. ఆయనకంటే ముందు చేపలే విసిగిపోయాయి. తర్వాత వ్యాయామం సైకిలు కొన్నారు. దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు. మూడోసారి పాత హార్మోనియం మోసుకొచ్చినప్పుడు టైలరమ్మ కత్తెర కింద పెట్టి ఒక్కటే మాట చెప్పింది.

"ఇంకో వస్తువు ఈ గడప లోపలికొస్తే నేను గడప బయటికెళ్తాను."

అలాంటి ఇంటికి లేతు మిషను వచ్చింది.

తప్పంతా స్టోరుగారిది కాదు. పద్దెనిమిదో ఏట ఆయన రెండేళ్లు లేతు పని నేర్చుకున్నారు. కడ్డీ తిరుగుతుంటే ఉలి ఆనించగానే చుట్టలు చుట్టలుగా రాలే ఇనప పొట్టు, వేడెక్కిన నూనె వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంతలో స్టోర్సులో ఉద్యోగమొచ్చింది, చేతిలో ఉలి పోయి తాళంచెవుల గుత్తి వచ్చింది. మొన్న ఒక వర్క్‌షాపు మూసేస్తూ సామాను అమ్ముతుంటే, ఓ మూల తుప్పు పట్టిన చిన్న లేతు కనపడింది. దాన్ని కూడా ఎవరూ ఏమీ అడగడం లేదు. స్టోరుగారి మనసు కరిగి నీరైపోయింది.

ట్రాలీ ఆటోలోంచి ముగ్గురు మనుషులు దాన్ని పెరటి షెడ్డులోకి దించుతుండగా టైలరమ్మ మెడలో టేపుతో వచ్చి నిలబడింది.

"ఏంటండీ ఇది?"

"లేతు మిషను."

"ఎవరిది?"

'నాది' అంటే సరిపోయేది. రెండక్షరాలు. కానీ గడప మాట గుర్తొచ్చి, "స్నేహితుడిది" అనేశారు.

"మీకు స్నేహితుడా?"

ఆవిడ మొహంలో కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. కోపమే నయం అనిపించింది స్టోరుగారికి.

"ఏం, నాకుండకూడదా? పొడుగాయన. పార్కులో పరిచయం. ఇల్లు మారుతున్నాడు, కొన్నాళ్లు మన షెడ్డులో ఉంచమన్నాడు."

"భార్యా పిల్లలూ?"

"ఒంటరి మనిషి" అన్నారు స్టోరుగారు. ఆ అబద్ధం మొత్తంలో తడుముకోకుండా వచ్చిన మాట అదొక్కటే.

టైలరమ్మ మెత్తబడింది. "పోన్లెండి, ఇన్నాళ్లకి మీకూ ఓ తోడు దొరికింది. ఉంచండి. కానీ పరాయి సొత్తు. దాని మీద చెయ్యేశారంటే ఊరుకోను. ఏదన్నా విరిగితే ఆయనకేం మొహం చూపిస్తాం?"

అలా సొంత మిషను మీద చెయ్యి వేసే హక్కు మొదటిరోజే పోయింది. స్టోరుగారు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే ఆవిడ క్యారియరు తెచ్చి చేతికిచ్చింది.

"ఇదేంటి?"

"మీ పొడుగాయనకి. ఇల్లు మారే హడావిడిలో ఏం వండుకుంటాడు పాపం? వేడి మీద ఇచ్చి రండి."

"అబ్బే, ఆయన మొహమాటస్తుడు."

"అందుకే ఇస్తున్నా. మొహమాటం లేనివాడైతే తనే వచ్చి తినేవాడు."

క్యారియరు పట్టుకుని స్టోరుగారు పార్కుకి వెళ్లారు. ఖాళీ బల్ల మీద కూర్చున్నారు. పారేయడానికి చేతులు రాలేదు. ఇందాక తిన్న కూరే, ఇందాక తిన్న అన్నమే మళ్లీ తిన్నారు. రెండోరోజూ తిన్నారు. మూడోరోజు నుంచి ఇంట్లో "ఆకలి లేదు" అని రెండు ముద్దలతో లేచి, పార్కులో పొడుగాయన వాటా పూర్తిగా తినడం మొదలుపెట్టారు. ఖాళీ డబ్బాకి మూత పెట్టి తెచ్చిస్తే ఆవిడ మురిసిపోయేది.

"కూర ఎలా ఉందన్నాడు?"

"బాగుందన్నాడు."

"అంతేనా?"

"తక్కువ మాట్లాడతాడు."

నిజానికి పొడుగాయన బాగానే మాట్లాడేవాడు. పదోరోజుకి స్టోరుగారు బల్ల మీద పక్కన కాస్త చోటు వదిలి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. "ఏమోయ్, బెల్టు మరీ వదులుగా ఉందంటావా?" అని ఆ చోటుని అడిగేవారు. "తుప్పు కిరసనాయిలుతో వదులుతుందా?" అనేవారు. మనిషి లేకపోయినా అడగడంలో ఒక సుఖం ఉంది. ఇంటికెళ్తే ఆ మాట అడగడానికి గోడ గడియారం తప్ప ఎవరున్నారు?

ఇక మిషను పని. టైలరమ్మకి తెలియకుండా దాన్ని బాగు చేయాలి. అందుకు ఆవిడ కుట్టుమిషనే సాయపడింది. దాని పెడల్ దగ్గర ఇరుసు తొడుగు లాంటి ఇత్తడి బుష్ అరిగిపోయి, తొక్కినప్పుడల్లా కిర్రు కిర్రుమంటుంది. ఆ సామాను ఇప్పుడు దొరకదని రిపేరువాడు చేతులెత్తేశాడు. ఎలుకలు పిల్లి మెడలో గంట కట్టే శ్రమ పడక్కర్లేకుండా, పిల్లే గంట కట్టుకుని తిరుగుతోందన్నమాట. కిర్రు వినపడినంత సేపూ స్టోరుగారు షెడ్డులో తుప్పు గీకేవారు. కిర్రు ఆగిందా, గోనెపట్టా కప్పి చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూసేవారు.

"ఏం చూస్తున్నారు?" అనేది ఆవిడ.

"మబ్బు పడుతుందేమోనని."

"ఎండ మండిపోతుంటేనా?"

ఆయన పన్నాగం చిన్నదే. దొంగచాటుగా ఆ బుష్ కొలతలు తీసుకున్నారు. లేతు తిరగగానే మొట్టమొదట ఆ ఇత్తడి బుష్ చేసి ఆవిడ చేతిలో పెట్టాలి. ఈ ఇంట్లో నా వల్ల కూడా అయ్యే పని ఒకటుందని చూపించాలి. నిజం అప్పుడు చెప్పాలి. అంతకు ముందే చెబితే అది చేపల తొట్టి పక్కన నాలుగో వస్తువవుతుంది, ఆయన ఆ వస్తువుల పక్కన ఐదోవాడవుతారు. స్టోరుగారి భయమంతా అదే.

నలభయ్యో రోజు అన్నీ సిద్ధమయ్యాయి. మోటారుకి వైర్లు ఆయనే కలిపారు. కడ్డీని పట్టి తిప్పే చక్ అనే పది కిలోల ఇనప చక్రాన్ని, మరలకు నూనె రాసి మరీ ఎక్కించారు. చెవులు రిక్కించి విన్నారు. ముందు గదిలో కిర్రు కిర్రు. స్విచ్చి నొక్కారు.

లేతు తిరిగింది! స్టోరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోంచి చూడటం వల్ల ఆయనకొక సంగతి ఆలస్యంగా తెలిసింది. అది వెనక్కి తిరుగుతోంది.

ఆ రకం చక్ ముందుకు తిరిగితే బిగుస్తుంది, వెనక్కి తిరిగితే ఊడుతుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నిద్రలో అడిగినా చెప్పేవారు. అరవై ఒకటో ఏట, "ఎందుకిలా ముందుకు జరుగుతోంది?" అని వంగి చూస్తుండగా అది ఊడింది, దభీమని నేల మీద పడింది, తిరుగుతూనే షెడ్డు దాటింది.

"ఆగు! ఆగవే!" అంటూ స్టోరుగారు వెంటపడ్డారు. అది బట్టలారేసిన గుంజని పడగొట్టింది. పరాయివాళ్ల జాకెట్లన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. ఆయన జాకెట్లు తొలగించుకునేలోపు అది వెనక వరండా ఎక్కి చేపల తొట్టిని భళ్లున పగలగొట్టింది. వ్యాయామం సైకిలుని తన్నింది. సైకిలు హార్మోనియం మీద పడింది. కొన్న దగ్గర్నుంచీ పలకని హార్మోనియం ఒక్కసారి భోరుమంది. చక్ అంతటితో అలిసిపోయి, ఒక జత చెప్పుల ముందు మెల్లగా పక్కకి ఒరిగింది.

ఆ చెప్పులు టైలరమ్మవి. వాటిలో టైలరమ్మ ఉంది. ముందు గదిలో కిర్రు కిర్రు ఇంకా వినపడుతూనే ఉంది.

"నువ్విక్కడుంటే... అక్కడెవరు?"

"ఎదురింటావిడ. కుట్టు నేర్చుకుంటానంటే తొక్కడానికి కూర్చోబెట్టా. వారం రోజులుగా ఆవిడే తొక్కుతోంది."

స్టోరుగారి భుజం మీద ఇంకా ఎవరిదో ఎర్ర జాకెట్టు వేలాడుతోంది. అయినా అబద్ధం వదల్లేదు. "అయ్యో, పొడుగాయనకిప్పుడేం చెప్పాలో! ఒక్కసారి తిప్పి చూద్దామని..."

"ఏం చెప్పక్కర్లేదు. ఆయన నిన్న వచ్చాడు."

"ఎవరు?"

"మీ స్నేహితుడేనండీ. మీరు బయటికెళ్లినప్పుడు."

తను పుట్టించిన మనిషి తనకు చెప్పకుండా తన ఇంటికే రావడమేమిటి?

"ఎ... ఎలా ఉన్నాడు?"

"మీరన్నంత పొడుగేం కాదు. మీ అంతే. మిషను మిమ్మల్నే ఉంచేసుకోమన్నాడు. భయపడకుండా తిప్పుకోమన్నాడు."

"ఇంకా?"

టైలరమ్మ వంగి, నేల మీదున్న జాకెట్లు ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకుంది. ఇటు చూడకుండానే చెప్పింది.

"అన్నం తిన్నాక కూరలో మిరపకాయ ముక్కలన్నీ డబ్బా అంచున వరసగా పేర్చి పంపేవాడు. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క. ముప్ఫై రెండేళ్లుగా నేను రోజూ కడుగుతున్న కంచం నాకు తెలీదూ? మొదటిరోజే తెలిసింది."

"మరి మొదటిరోజే అడగొచ్చుగా!"

"అడుగుదామనే ఓ రోజు పార్కుకొచ్చా. మీరు పక్కన చోటు వదిలి, ఎవరితోనో మాట్లాడుతున్నారు. బెల్టు గురించి. నాతో అన్ని మాటలు మీరెప్పుడు మాట్లాడారండీ? ఆయన మీద నాకు అసూయ పుట్టింది. వచ్చేశా."

స్టోరుగారు తల వంచుకున్నారు. లోపలికెళ్లండీ అన్నది నువ్వే కదా అని ఆయనకి నోటి దాకా వచ్చింది. వచ్చింది కానీ దాటలేదు. ఆవిడకీ అది తెలిసినట్టే ఉంది.

"పార్కులో ఒక్కడూ తినొద్దని చెప్పాను" అంది ఆవిడ. "రేపట్నుంచి షెడ్డులోకే తెస్తానన్నా. సరేనన్నాడు. ముందా మోటారు వైర్లు మార్చండి, వెనక్కి తిరుగుతోంది. మా మిషను చక్రం వెనక్కి తిప్పితే దారం తెగుతుంది, మీది తిప్పితే కొంప కూలుతుంది. అంతే తేడా."

మూడో రోజుకి బుష్ తయారైంది. మొదటిది వదులైంది, రెండోది బిగుతైంది, మూడోది సరిగ్గా కూర్చుంది. టైలరమ్మ పెడల్ తొక్కి చూసింది. ఎన్నేళ్ల కిర్రో, మాయమైపోయింది. ఆవిడ ఇంకాసేపు ఊరికే తొక్కుతూ కూర్చుంది. ఎదురింటావిడ వంగి చూసి, "ఎవరు చేశారు?" అని అడిగింది. "మా ఆయన" అంది టైలరమ్మ. గుమ్మం పక్కన నిలబడి వింటున్న స్టోరుగారు మళ్లీ మబ్బు కోసం ఆకాశం చూడాల్సి వచ్చింది.

కిర్రు పోయాక ఆవిడ ఎప్పుడొస్తుందో తెలియడం లేదు. ఆ మధ్యాహ్నం ఆయన లేతు మీద వంగి ఉండగా చప్పుడు లేకుండా వచ్చి, బల్ల మీద క్యారియరు విప్పింది. స్టోరుగారు అలవాటు కొద్దీ పక్కన చోటు వదిలి కూర్చున్నారు. ఆవిడ ఆ చోట్లో కూర్చుంది.

ఇద్దరూ తినడం మొదలుపెట్టారు.

"కూర ఎలా ఉందంటున్నాడండీ మీ స్నేహితుడు?"

స్టోరుగారు కాస్త ఆలోచించారు. "బాగుందంటున్నాడు. కానీ... కారం కొంచెం తగ్గించమంటున్నాడు."

టైలరమ్మ ముద్ద ఆపి ఆయనకేసి చూసింది. "ముప్ఫై రెండేళ్లలో మీరొక్కసారైనా ఆ ముక్క అన్నారా? మీకంటే ఆయనే నయం. రోజూ పిలవండి."

స్టోరుగారు ఇంకో మిరపకాయ ముక్క ఏరి, డబ్బా అంచున వరసలో పెట్టారు.