చీటీ ముందు, పాట తర్వాత

పాట విన్న తర్వాత దాని మీద అభిప్రాయం చెప్పడమంత మొరటు పని ఇంకొకటి లేదు.

కోపగించుకోకండి, నిదానంగా ఆలోచించండి. విన్నవాడు ఏం చెబుతాడు? "ఏమో, ఇంకోసారి వింటే గానీ చెప్పలేను" అంటాడు. "మొదట్లో నచ్చలేదు గానీ మధ్యలో ఏదో ఉంది" అంటాడు. నీళ్లు నములుతాడు. అదే విననివాణ్ణి అడిగి చూడండి. అస్సలు తడుముకోడు. "చెత్త" అంటాడు, లేకపోతే "అద్భుతం" అంటాడు. దేశానికి కావలసింది ఎవరు? నీళ్లు నమిలేవాళ్లా, మాట మీద నిలబడేవాళ్లా?

ఈ సత్యాన్ని లోకం ఇప్పుడిప్పుడే గ్రహిస్తోంది. నలభై నిమిషాల ఆల్బం విడుదలైన నాలుగో నిమిషానికల్లా ఆన్‌లైన్‌లో రివ్యూలు వచ్చేస్తున్నాయి. మంచిదే. కానీ ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఎందుకు వృథా చేసినట్టు? మా పైక్ హార్బర్ చిన్న ఊరే కావచ్చు, ఈ విషయంలో ప్రపంచానికి పావుగంట ముందుంది. ఆ ఘనత, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాది. మాజీ సైనికుల హాలు కార్యదర్శిని, ఇరవై ఆరేళ్లుగా మన పత్రికలో ఈ శీర్షిక రాస్తున్న గోర్డన్ హాస్లెట్‌ని.

జరిగింది చెబుతాను.

రైయా కోస్కెలా మీకు తెలియకపోవచ్చు, ఆమె పాట మాత్రం తెలుసు. ఇరవై ఏడేళ్ల కిందట "గ్లవ్స్ మర్చిపోయావ్" అని ఒక పాట పాడింది. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆ చలికాలమంతా దేశంలో అదే మోత. ఇప్పటికీ పెట్రోలు బంకులో అదే, పళ్ల డాక్టరు గదిలో అదే, మన హాకీ జట్టు గోలు కొట్టిన ప్రతిసారీ అదే. ఈ ఏడాది మన జట్టు ఆట చూసినవాళ్లు ఆ పాట విని చాలా కాలమైందంటున్నారు. ఆ గొడవ మనకిప్పుడు వద్దు.

ఒక్క పాటతో పేరొచ్చిన మనిషి ఏం చెయ్యాలి? ఆ పాటే పాడుకుంటూ ముసలిదైపోవాలి. అది పద్ధతి. రైయాకి పద్ధతి పట్టలేదు. రేవు దగ్గర పడవల షెడ్డులో ఆరేళ్లు కూర్చుని ఒక ఆల్బం చేసింది. పేరు "ఉప్పులేని సముద్రం". మొత్తం ఎనిమిది పాటలు. అందులో ఫిన్లాండు తాతల టాంగో ఉందట, చర్చి ఆర్గన్ ఉందట, ర్యాప్ ఉందట, కౌబాయ్ గిటారు ఉందట. నాలుగో పాటకైతే చేపల పడవ ఇంజను చప్పుడే తాళమట. ఇన్ని "అట"లు ఎందుకంటారా? ఆల్బం అట్ట మీద చదివాను కనక.

ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న నగరంలో ప్రతి జులైలోనూ సంగీతోత్సవం జరుగుతుంది కదా. ఆ కమిటీవాళ్లు రైయాతో ఒక మాట అన్నారు. "కొత్త పాటలు పాడతానంటున్నారు, సంతోషం. ముందు మీ ఊరివాళ్లకి వినిపించండి. వాళ్ల అభిప్రాయాలు రాయించి పంపండి. వాళ్లకి నచ్చితే సాయంత్రం పెద్ద వేదిక మీద ముప్పావుగంట మీదే, అన్నీ కొత్త పాటలే." మన ఊరి చెవుల మీద వాళ్లకి అంత గురి.

అలా మార్చి నెలలో రైయా మా హాలు కమిటీ ముందుకొచ్చింది. ఆమె కోరింది పెద్ద విషయమేమీ కాదు. జనానికి పాటలు వినిపించాలి, విన్నాక చీటీ మీద రెండు ముక్కలు రాయించుకోవాలి.

"జనం ఎక్కణ్ణించి వస్తారు రైయా?" అన్నాను.

"శనివారం మాంసం డ్రాకి వస్తారు కదా గోర్డన్. వచ్చినవాళ్లు ఓ ముప్పావుగంట కూచోలేరా?"

మాంసం డ్రా అంటే మన ఊళ్లో తోడబుట్టినవాడి పెళ్లికి రానివాళ్లు కూడా వస్తారు. చీటీ మీద పేరు రాసి పెట్టెలో వేస్తారు. మధ్యాహ్నం మూడింటికి పెట్టెలోంచి ఒక చీటీ తీస్తాం. ఎవరి పేరొస్తే వాళ్లు ఇంతలావు హామ్, అదే ఉప్పులో ఊరిన పంది తొడ, చంకన పెట్టుకుని ఇంటికి పోతారు. నలభై ఏళ్లుగా ఇదే తంతు, ఇదే వేళ.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మనవాళ్లు హామ్ కోసం ఒక చీటీ రాస్తారు గానీ సంగీతం కోసం రెండో చీటీ రాయరు. అప్పుడు నేను లేచి ఒక తీర్మానం ప్రతిపాదించాను. రెండు చీటీలు ఎందుకు, ఒకటే చాలు! ముందు వైపు పేరు, వెనక వైపు ఆల్బం మీద అభిప్రాయం. అభిప్రాయం లేని చీటీ డ్రాలో చెల్లదు. కమిటీ ఏకగ్రీవంగా చేతులెత్తింది.

ఇక వేళ సంగతి. పాటలు ముందు పెట్టి డ్రా వెనక్కి జరపమని రైయా అడిగింది.

"కుదరదమ్మా," అన్నాడు మా కమిటీలోని బారీ టువొమినెన్. "ముందు పాటలు పెడితే హామ్ మీద ధ్యాస ఉండదు. ఎవరి చీటీ ఎక్కడుందో వాళ్లకే తెలీదు. డ్రా అయిపోనీ, తర్వాత నీ ఇష్టం, ఎంతసేపు పాడుకుంటావో పాడుకో."

బారీ మన రోడ్ల మీద మంచు తీసే బండి నడుపుతాడు. మార్చి నెలలో అతనితో పేచీ పెట్టుకునే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. డ్రా మూడింటికి, పాటలు మూడుంబావుకి అని రాసుకున్నాం.

దాంతో అభిప్రాయాలన్నీ పాటలకంటే పావుగంట ముందే పెట్టెలో పడ్డాయి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మీరు నవ్వచ్చు. నవ్వండి. కానీ పేరు ముందే పెట్టేసుకున్నవాడికి పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అనే బెంగ ఉంటుందా?

మొత్తం నూట నలభై మూడు చీటీలు. ఒక్కోటీ ఒక్కో ఆణిముత్యం.

"సంగీతంలో కలగాపులగం నాకు గిట్టదు. ఏది దానికదే ఉండాలి." ఇది బారీది. రాస్తున్నప్పుడు అతని ప్లేటు నేను చూశాను. బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు, వాటి మీద మాంసం ఉండల గ్రేవీ, పక్కన దోసకాయ ఊరగాయ, అన్నిటికీ ఆనుకుని క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ. జెల్లీ కరిగి గ్రేవీలోకి కారుతోంది. రెండూ కలిపి ఒకే చెంచాతో తింటూ, ఇంకో చేత్తో రాశాడు.

"తొమ్మిదో పాట మరీ సాగదీసింది." ఆల్బంలో ఉన్నవి ఎనిమిదే. ఎంత నిశితమైన పరిశీలన!

"మా ఆవిడకి బాగా నచ్చింది." ఆవిడ ఆ వారమంతా విన్నిపెగ్‌లో కూతురి దగ్గర ఉంది.

"పాత రైయా ఏమైపోయింది?" పాత రైయా అప్పుడు ఆ రాసినాయన వెనకాలే నిలబడి కుర్చీలు వరసగా వేస్తోంది.

"గ్లవ్స్ పాటకి సాటి రాదు." ఇదే వాక్యం నలభై ఒక్క చీటీల మీద ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర ఒకరు రాస్తే, పరీక్షలో పిల్లల్లాగా చూసి రాసుకుంటూ తలుపుదాకా పంపించారు. స్పెల్లింగు తప్పు కూడా చెక్కు చెదరకుండా వెళ్లింది.

"హామ్‌లో ఎముక ఉంటుందా, తీసేశారా?" చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. దీన్ని నేను "మధ్యస్థం" అనే పద్దు కింద వేశాను.

చెప్పండి, ఏ మహానగరం విమర్శకుడైనా వీళ్ల కాలిగోటికి సరిపోతాడా?

మూడింటికి డ్రా తీశాం. హామ్ బారీకి వచ్చింది. మూడు దాటి అయిదు నిమిషాలకి కోట్లు తొడుక్కునే హడావిడి మొదలైంది. మూడుంబావుకి రైయా పాటలు మొదలుపెట్టేసరికి హాల్లో పందొమ్మిదిమంది మిగిలారు. అందులో ఏడుగురు బారీ బండి అడ్డంగా ఉండి కార్లు తీసుకోలేనివాళ్లు. మిగతావాళ్లు ఆ హామ్ ఎన్ని పౌండ్లుంటుందో చేత్తో ఎత్తి చూసుకుంటున్నారు.

మరి నేను? కార్యదర్శికి ఎన్ని పనులుంటాయి! పెట్టెకి టేపు వేసి, ఆఫీసు గది తలుపు మూసుకుని, ఉత్సవ కమిటీకి పంపే నివేదిక టైపు చేశాను. "నూట నలభై మూడు అభిప్రాయాలు. ఒక్కరు కూడా సందేహించలేదు." మన పత్రికకి నేను రాసిన రివ్యూ మీకు గుర్తుండే ఉంటుంది. "అన్నీ కలిపితే ఏదీ మిగలదు" అని శీర్షిక పెట్టాను. చాలా సమతూకంగా ఉందని ఆరుగురు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. అది ఆ శనివారానికి రెండు రోజుల ముందు గురువారం నాడే రాసి పెట్టుకున్నది.

అయిదు గంటలవుతుంటే వంటగదిలోంచి వెర్నా హుడక్ వచ్చింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. శనివారం భోజనాల గిన్నెలన్నీ ముప్ఫై ఏళ్లుగా ఆవిడే కడుగుతోంది. డ్రా వేళకి చేతులు సబ్బు నీళ్లలో ఉంటాయి కాబట్టి ఆవిడ ఎప్పుడూ చీటీ వేసి ఎరగదు. ఆ రోజు మాత్రం చేతిలో ఒక కాయితం మడత పెట్టుకుని వచ్చింది.

"పెట్టె మూసేశావా నాయనా?"

"మూడింటికే మూసేశామండీ."

"పాటలు మూడుంబావుకి కదా పెట్టింది?"

"అది వేరే కార్యక్రమమండీ."

ఆవిడ ఆ కాయితం నా ముందుకి చాపింది. "హామ్ నాకొద్దులే బాబూ. ఇది మాత్రం అందులో వెయ్యి."

"టేపు వేసేశాను వెర్నా గారూ. ఇప్పుడు విప్పితే డ్రా మీద లేనిపోని అనుమానాలొస్తాయి."

"పోనీ నీ దగ్గరే ఉంచు," అని ఆ కాయితం నా చేతిలో పెట్టి, తడి చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను దాన్ని కోటు జేబులో పడేశాను. నిబంధన అంటే నిబంధన.

సోమవారం రైయా చీటీలు చూడడానికి ఆఫీసుకొచ్చింది. కోటు విప్పలేదు, నిలబడే నూట నలభై మూడూ చదివింది. మధ్యలో నవ్వలేదు, విసుక్కోలేదు. చివరి చీటీ బల్ల మీద పెట్టి అడిగింది.

"నాలుగో పాట గురించి ఎవరైనా ఏమన్నా అన్నారా గోర్డన్?"

"ప్రత్యేకంగా ఎవరూ అనలేదు."

"ఊఁ," అంది. "మిగతా పాటలు ఇంకెవరైనా చెయ్యగలరు. అది మాత్రం నేను తప్ప ఎవరూ చెయ్యలేరు."

నా కోటు ఆమె వెనకాల చిలక్కొయ్యకి వేలాడుతోంది. లేచి రెండడుగులు వేస్తే చాలు. నేను లెయ్యలేదు. ఆ ఒక్క చీటీ పాట విన్నాక వచ్చిందంటే, మిగతా నూట నలభై మూడూ ఎప్పుడు రాశారన్న ప్రశ్న వస్తుంది కదా. తీర్మానం ఎవరిదన్న ప్రశ్న దాని వెనకాలే వస్తుంది.

మొన్న మంగళవారం ఉత్సవ కమిటీ జవాబు వచ్చింది. రైయా దాన్ని హాలుకి తెచ్చి అందరిముందూ చదివింది. "మీ ఊరి అభిప్రాయం ఇంత స్పష్టంగా ఉన్నందుకు ధన్యవాదాలు. మీకు మధ్యాహ్నం చిన్న వేదిక ఇస్తున్నాం. 'గ్లవ్స్ మర్చిపోయావ్' రెండుసార్లు పాడండి, మొదట ఒకసారి, చివర ఒకసారి. కొత్త ఆల్బంలో ఫలానా పాట కావాలని విన్నవాళ్లలో ఒక్కరు అడిగినా మధ్యలో పెట్టిస్తాం. ఈ శుక్రవారంలోగా తెలపండి."

"రెండుసార్లా! అదృష్టవంతురాలివే," అన్నాడు బారీ. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు కష్టంగా ఉంది.

"అడిగినవాళ్లు ఒక్కరూ లేరుగా," అని రైయా ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంది. యాభై మూడేళ్ల మనిషి. ఆరేళ్ల పని. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. బయటికి వెళ్తూ గ్లవ్స్ బల్ల మీద మర్చిపోయింది. ఎవరో ఆ పాట ఈల వేశారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కాబట్టి పాఠకులారా, వినకుండా చెప్పే అభిప్రాయానికి ఎంత బలముందో చూశారు. ఆరేళ్ల పనిని పదిహేను నిమిషాల్లో తేల్చేస్తుంది. ఇంత చవగ్గా, ఇంత శుభ్రంగా ఇంకే పద్ధతీ పనిచెయ్యదు. ఇందులో ఉన్న లోపం ఒక్కటే. ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు పొరపాటున వినేస్తారు.

నిన్న ఆ కాయితం మడత విప్పాను. వంటగదిలో సామాన్ల జాబితా రాసుకునే పుస్తకంలోంచి చింపిన కాయితం. తడికి సిరా అలుక్కుపోయింది గానీ, చదవడానికి వస్తోంది.

"నాలుగో పాటకి కుళాయి కట్టేశాను. పాట అయిపోయాక మళ్లీ తిప్పడం మర్చిపోయాను. అది ఇంకోసారి వెయ్యమని ఆ అమ్మాయికి చెప్పండి. వి. హుడక్."

హాలు నిబంధన ప్రకారం ఈ చీటీ చెల్లదు. మూడు దాటి వచ్చింది, పెట్టెకి టేపు వేసింది నేనే. కానీ ఉత్సవ కమిటీ అడిగింది హామ్ గెలిచినవాళ్లని కాదు, విన్నవాళ్లలో ఒక్కరిని. ఈ పత్రిక గురువారం పొద్దున్న మీ గుమ్మంలో పడుతుంది. గడువు శుక్రవారం.

ఒకరు విన్నారు రైయా. ఆ ఒకరు నేను కాదు.