ఆండ్రూ మాస్టారి పదిహేను అంగుళాల స్పీకరు

ఆ రెండో శనివారం పొద్దున ఆండ్రూ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి జూబ్లీ హిల్స్ వెళ్లి ఒక పాత యాంప్లిఫయర్ కొనడం, రెండింటికి ఫిల్మ్‌నగర్‌లో రికార్డింగుకి చేరడం, చీకటి పడేలోగా మోతీనగర్‌లోని ఇంటికి వచ్చెయ్యడం.

మాస్టారు రహమత్ నగర్‌లోని ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతారు. ఆదివారాలు చర్చిలో పెడల్ స్టీల్ గిటార్ వాయిస్తారు. అది చూడడానికి నాలుగు కాళ్ల బల్లలా ఉంటుంది. పైన తీగలు, కింద పెడల్స్. ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతూ వాయించాలి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారిపోయే ఆ నాదం కోసం ఆయన పదకొండేళ్లు సాధన చేశారు. సినిమా పాటకి వాయించమని పిలుపు రావడం మాత్రం ఇదే మొదలు. "సౌండ్ చాలా క్లీన్‌గా ఉండాలి సార్" అని సంగీత దర్శకుడి అసిస్టెంట్ షాలిని ఫోన్లో రెండుసార్లు చెప్పింది.

ఆ మాటతో మాస్టారికి వారం రోజులు నిద్ర పట్టలేదు. చర్చిలో వాడే చిన్న గిటార్ యాంప్, వాల్యూమ్ సగం దాటితే గొంతు పోయిన మనిషిలా గరగరలాడుతుంది. ఈ వాయిద్యానికని ప్రత్యేకంగా చేసే యాంపులు లక్ష పైమాటే. ఆలోచించగా ఆలోచించగా ఒక దారి దొరికింది. కీబోర్డు వాయించేవాళ్ల యాంప్ అయితే ఎంత పెంచినా శబ్దం పగలదు. దానికి పదిహేను అంగుళాల స్పీకరుంటే ఇక కావాల్సిందేముంది? అలాంటిదే ఒకటి ఇరవై వేలకి అమ్ముతానని జూబ్లీ హిల్స్ నుంచి కౌస్తుభ్ అనే కుర్రాడు ప్రకటన పెట్టాడు.

"ఇరవై దాటితే కొనకండి. దాటకపోయినా కాస్త బేరమాడండి" అంది భార్య ఫిలోమినా.

క్యాబ్ దొరకడం ఆలస్యమై, గిటార్ పెట్టెతో మాస్టారు ఆ బంగళా ముందు దిగేసరికి పది దాటింది. వాచ్‌మన్ హనుమంతు ఎదురొచ్చాడు.

"ఏం పని మీద వచ్చిండ్రు?"

"స్టీల్ గిటార్ వాయిస్తానండీ..."

పక్క ప్లాటులో బండరాళ్లు కొడుతున్నారు. హనుమంతుకి వినపడింది మొదటి మాటే. "స్టీల్ పనికా? గింత లేటేంది అన్నా? అమ్మ పొద్దుగాల నుంచి సూస్తుంది. లోపలికి పో."

ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ పూజగదిలో పూలు కడుతూ, తల తిప్పకుండానే అడిగారు. "వచ్చారా? పెట్టి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే ఇలా అయితే ఎలా అండీ?"

యాంప్ కొన్నది ఆర్నెల్ల కిందటేనని తెలిసి మాస్టారు లోలోపల సంతోషించారు. "అంటే కొత్తదేనన్నమాట. ఏమిటమ్మా దాని ఇబ్బంది?"

"చెయ్యి వేస్తే చాలు, వణుకుతోంది."

మాస్టారి ముఖంలో సంతోషం పోయింది. పదో తరగతి పిల్లలకి చెప్పే గొంతుతో అన్నారు. "చెయ్యి వేస్తే వణుకుతోందంటే ఎర్తింగ్ లేదమ్మా. కరెంటు పైకి వచ్చేస్తోంది. ప్రాణానికి ప్రమాదం. ముందు మెయిన్ ఆపించండి."

లక్ష్మీకాంతమ్మ చేతిలోని పూలదండ జారిపోయింది. "హనుమంతూ, మెయిన్ ఆపెయ్. మెట్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వకు."

మెయిన్ ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. ఆ వెంటనే గోడలోంచి ఎవరో దబదబ బాదడం వినిపించింది. ఆవిడ భర్త పరబ్రహ్మంగారు లిఫ్టులో రెండంతస్తుల మధ్య ఆగిపోయారు.

పరబ్రహ్మంగారు సినిమాలకి ముహూర్తాలు పెడతారు. ఆ రోజు పది నలభై రెండుకి ఫిల్మ్‌నగర్‌లో ఒక కొత్త సినిమాకి ఆయనే దగ్గరుండి కొబ్బరికాయ కొట్టించాలి. లిఫ్టులోంచి భార్యకి ఫోన్ చేశారు. ఆవిడ కంగారులో స్పీకర్ నొక్కారు.

"కాంతం, కరెంటు వేయించు. టైమైపోతోంది."

"వేస్తే మెట్ల రెయిలింగ్‌కి షాక్ కొడుతుందటండీ. కాస్త ఓపిక పట్టండి."

"రెయిలింగ్‌కి షాకేమిటి? ఎవరు చెప్పారు?"

"స్టీల్ ఆయన. చదువుకున్న మనిషిలాగే ఉన్నారు."

మాస్టారు నెమ్మదిగా పూజగది గుమ్మం దగ్గరికి నడిచారు. "అమ్మా, రెయిలింగేమిటి? నేను చెప్పింది యాంప్లిఫయర్ గురించి."

"యాంప్లిఫయరా? మరి మీరు రెయిలింగ్ బిగించడానికి రాలేదా?"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బైకు ఆగింది. వెల్డింగ్ మెషీన్ దింపుతూ సాయిశ్రీనివాస్ అనే మనిషి అన్నాడు. "రెయిలింగ్ ఊగుతుందన్నరంట. జర ట్రాఫిక్‌ల లేటైంది."

హనుమంతు మాస్టారి వైపు ఒకసారి, వెల్డింగ్ మెషీన్ వైపు ఒకసారి చూసి, ఎవరూ చెప్పకుండానే మెయిన్ వేశాడు.

మొరాయించిన లిఫ్టు కదిలి తలుపు తెరుచుకునేసరికి పదకొండు. మాస్టారు తిట్లకి సిద్ధపడి, తల వంచుకుని నిలబడ్డారు. పరబ్రహ్మంగారు మాత్రం తువ్వాలుతో ముఖం తుడుచుకుని సోఫాలో కూలబడ్డారు. "మంచినీళ్లివ్వు కాంతం. హీరోగారికి పన్నెండు దాకా కుదరదట. ఎలా చెప్పాలో తెలియక ప్రొడ్యూసరు సతమతమవుతున్నాడు. పన్నెండు పద్దెనిమిదికి ఇంతకంటే బలమైన లగ్నం ఉందని లిఫ్టులోంచే చెప్పాను. ఏడ్చినంత పని చేశాడు, సంతోషంతో."

జిమ్ నుంచి వచ్చిన కౌస్తుభ్ యాంప్ తెచ్చి హాల్లో పెట్టాడు. "సారీ అంకుల్, లేటైంది. అమ్మకి చెప్పడం మర్చిపోయా. ఇబ్బందేం కాలేదు కదా?"

"ఏం లేదు బాబూ" అన్నారు మాస్టారు.

గిటార్ బిగించి, వాల్యూమ్ సగం, ముప్పావు, చివరికి మొత్తం పెంచారు. ఎక్కడా గరగర లేదు. స్వరం నూనె మీద జారినట్టు జారింది. సాయిశ్రీనివాస్ వెల్డింగ్ ఆపి విన్నాడు. పరబ్రహ్మంగారు కళ్లు మూసుకున్నారు. "పదిహేను వేలు తీసుకో కౌస్తుభ్" అన్నారు, కళ్లు తెరవకుండానే.

ముప్పై ఆరు కిలోల యాంప్‌ని క్యాబ్ డ్రైవరు సాయంతో ఫిల్మ్‌నగర్‌లో రెండో అంతస్తుకి మోసేసరికి మాస్టారి చొక్కా తడిసి ముద్దయింది. షాలిని దాన్ని వింతగా చూసింది.

"ఇదెందుకు తెచ్చారు సార్?"

"క్లీన్ సౌండ్ కావాలన్నారు కదమ్మా."

"అవును సార్. అందుకే మీ గిటార్ వైరు నేరుగా మా మెషీన్‌కి ఇచ్చేస్తాం. యాంప్ అక్కర్లేదు."

మాస్టారు యాంప్‌ని ఒక మూలకి జరిపారు. వెళ్లి గిటార్ బిగించుకుని, అక్కడున్న చక్రాల కుర్చీలో కూర్చున్నారు. పెడల్ తొక్కగానే కుర్చీ జానెడు వెనక్కి పోయింది. ఇంకోసారి తొక్కితే మూరెడు. మూడోసారికి ఆయన తలుపు దగ్గర తేలారు. స్టూడియోలో ఉన్న కుర్చీలన్నీ అలాంటివే. మాస్టారు కాసేపు ఆలోచించి, లేచి, యాంప్‌ని గిటార్ ముందుకి లాక్కుని దాని మీద కూర్చున్నారు. ఎత్తు కొలిచి చేయించినట్టు సరిపోయింది.

రెండో టేక్ ఓకే అయింది. అద్దం అవతలి నుంచి సంగీత దర్శకుడు మైకులో అడిగాడు. "మాస్టారూ, ఇంకోసారి వాయిస్తారా? రికార్డింగుకి కాదు, వినడానికి."

మెట్లు దిగుతుండగా ఫిలోమినా ఫోన్ చేసింది. "బాగా జరిగిందా? ఆ యాంప్ పనికొచ్చిందా?"

"చాలా గట్టిది ఫిలో" అన్నారు మాస్టారు. "నేను కూర్చున్నంతసేపూ కొంచెం కూడా కదల్లేదు."