అధికారిక తడబాటు

మా మెంఫిస్‌లో పందొమ్మిది వందల యాభై ఏడులో జరిగిన ఒక తడబాటును ఇన్నాళ్లకు అధికారికంగా గుర్తించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

తడబడినవాడు క్లియోథా. గిటారు వాయించేవాడు. అప్పట్లో స్టూడియో మొత్తానికి ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాడు ముందుకు అడుగేసి వాయించి వెనక్కి తగ్గాలి. క్లియోథా అడుగేశాడు. కాలికేదో తగిలింది. అరక్షణం ఆలస్యంగా అందుకున్నాడు. యజమానికి ఆకలేస్తోంది గనక మళ్లీ వాయించమనలేదు. ఆ రికార్డే దేశమంతా మోగింది. దాని మీద పాడినవాడి పేరొక్కటే వేశారు. అదే మర్యాద.

అప్పట్నుంచీ రేడియోలో ఆ పాట వస్తే క్లియోథా తింటున్న పళ్లెం వదిలేసి బయటికి పోతాడు. చచ్చేలోగా ఒక్కసారి దాన్ని సరిగ్గా వాయించి రికార్డు చేయించాలని వాడి కోరిక.

ఈమధ్య ఒక వీడియో గేముల కంపెనీ ఆ పాటను, వాయింపుకు తగ్గట్టు మీట నొక్కే ఆటలో పెట్టదలిచింది. పాత రికార్డు వాడుకోవడానికి అనుమతి రాలేదు. అందుకని కుర్రవాళ్ల చేత అచ్చం అలాగే మళ్లీ వాయించాలని తీర్మానించారు. ఉన్నదాన్నే తయారుచెయ్యడానికి నలభైమంది కష్టపడ్డారు. పన్నెండు మైకులు పెట్టి, ఒక్కటే ఉన్నట్టు వినిపించేలా చేశారు. తడబడే చప్పుడు కోసం ఒక కాలిని నియమించారు. ఆ కాలి తాలూకు మనిషికి సంగీతంలో డిగ్రీ ఉంది.

గౌరవార్థం మా ఇద్దర్నీ పిలిచారు. ఆ రికార్డులో బేసు గిటారు నాది. ఆనాటివాళ్లలో మిగిలింది మేమే.

సంగీత దర్శకుడు ప్రెస్కాట్ ఉపన్యసించాడు. "ఆ అరక్షణంలో ఒక తరం వేదన ఉంది. తిరుగుబాటు ఉంది. కాలాన్నే ధిక్కరించిన చెయ్యి అది."

క్లియోథా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వేదనా లేదు, ఏమీ లేదు బాబూ. కాలికేదో అడ్డం పడింది. ఒక్కసారి వాయించనివ్వు, సరిచేస్తాను."

వాయించనిచ్చారు. ఎనభై అయిదేళ్ల చేతులు వణుకుతాయనుకున్నాను. వణకలేదు. అడుగేశాడు, అందుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు. చేతిలో కాఫీ ఉన్న సంగతి మరిచిపోయాను.

అద్దం వెనక రికార్డు చేసేవాళ్లంతా కంప్యూటరు వంక చూశారు.

"బాగా వాయించారు పెద్దాయనా," అన్నాడు ప్రెస్కాట్. "కాకపోతే అసలు పాటలా లేదు. ఆ శైలి మీకింకా పట్టుబడలేదు."

వాయించింది అక్కడికక్కడే చెరిపేశారు. ఆ ఆలస్యాన్ని మూణ్ణెల్లు సాధన చేసిన కుర్ర గిటారిస్టు, కావాలంటే నేర్పిస్తానన్నాడు. క్లియోథా థాంక్స్ చెప్పాడు.

కారెక్కాక నన్నడిగాడు. "ఒరే రాయ్స్, ఆ రోజు నా కాలికి తగిలిందేంట్రా? వైరా?"

"వైరే అయ్యుంటుంది," అన్నాను.

ఆట విడుదలైంది. చివర నలభై పేర్లు వేశారు. అందులో కాలి పేరుంది, క్లియోథా పేరు లేదు. మా వృద్ధుల క్లబ్బులో వాడు ఆ ఆట మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ సరిగ్గా తాళానికే మీట నొక్కాడు. మూడుసార్లూ తెర ఎర్రబడి, తప్పంది.

ఈపాటికి మీ ఇంట్లోనూ ఎవరో పట్టుదలగా సాధన చేస్తూనే ఉంటారు. అభినందనలు. ఆ రోజు నేను కొత్త జోడు వేసుకున్నాను. నలుపూ తెలుపూ. అందరికీ కనబడాలని ఒక కాలు బాగా ముందుకు చాపి నిలబడ్డాను. మీ పిల్లలు నేర్చుకుంటున్నది ఆ జోడునే. జాగ్రత్తగా నేర్పించండి. సరిగ్గా వాయిస్తే మార్కులు పోతాయి.