పదకొండు నిమిషాల నేరం

మా ఆవిడ మంగాయమ్మను చంపినవాడు అంబులెన్సులో వచ్చిన ఫిన్నీ అనే కుర్రాడు. ఇది నా అభిప్రాయం కాదు, తేలిపోయిన సంగతి. మా ఊళ్ళో నూటపన్నెండు మంది సంతకాలు పెట్టి మరీ తేల్చారు.

ఏలూరులో ఆమెను చూసిన డాక్టర్లు ఇంకేదో అంటున్నారట. అననివ్వండి. వాళ్ళు మంచం పక్కన ఒకవైపు నిలబడి చూశారు. మా ఊరు రోడ్డు మీద చుట్టూ నిలబడి, అన్ని వైపుల నుంచీ చూసింది. ఎవరి మాటకు విలువ ఎక్కువ?

అర్జీ అబ్బాయిరాజు గారి వీధరుగు మీద తయారైంది. ఆయన మాజీ ప్రెసిడెంటు. ప్రెసిడెంటుగిరీ పోయి పదేళ్ళయింది, అలవాటు పోలేదు. "సదరు అంబులెన్సు టెక్నీషియను రోడ్డు మీద పదకొండు నిమిషాలు కాలయాపన చేసినందున నిండు ప్రాణం పోయినది. కావున అతనిని ఉద్యోగము నుండి తొలగించవలెను." అందరి సంతకాలకూ పైన ఒక గీత ఖాళీగా వదిలారు. అది మొగుడి సంతకానికి. అక్కడ నేను సంతకం పెడితే ఆ కుర్రాడి ఉద్యోగం ఊడుతుంది. పెట్టకపోతే నూటపన్నెండు మంది శ్రమ వృథా. సోమవారం పంచాయతీ ఆఫీసుకి విచారణ అధికారి వస్తున్నారని కబురు వచ్చింది.

సోమవారం ఏమైందో చెప్పే ముందు, మా ఊరి వైపు ఎంత న్యాయం ఉందో చెప్పాలి.

మా ఊరు ఆకివీడుకి ఆరు కిలోమీటర్లు, కొల్లేటి వైపు. చేపల లారీలు ఐసు నీళ్ళు కార్చుకుంటూ మా మీదుగానే పోతాయి. నీళ్ళకి చేప జిడ్డు తోడై రోడ్డు నున్నగా తయారవుతుంది. 2008 వైశాఖంలో ఒక ఉదయం, చుట్టాలింట్లో ఫంక్షనుకి పోతుంటే, మలుపు దగ్గర నా టీవీఎస్ బండి జారింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. వెనక కూర్చున్న మంగాయమ్మ వెల్లకిలా పడింది. మెడ వెనక సిమెంటు గట్టు తగిలింది.

అర్జీలో లారీల ఊసు లేదని కొందరు వంక పెడుతున్నారు. లారీల మీదే కదండీ మా బతుకులు. రాజుగారికి మూడున్నాయి.

పట్నాల్లో రోడ్డు మీద మనిషి పడితే ఎవరూ ఆగరని పేపర్లలో రాస్తారు. మాకు ఆ బాధ లేదు. రెండు నిమిషాల్లో యాభై మంది పోగయ్యారు. అందరూ వైద్యులే. ఇంత వైద్యం ఏ పెద్దాసుపత్రిలో దొరుకుతుంది?

ఒకాయన నీళ్ళు తెచ్చాడు. ఇంకొకాయన నీళ్ళలో బలం లేదని సోడా కొట్టాడు. పడుకున్న మనిషి నోట్లో సోడా పోస్తే ముక్కులోంచి వస్తుంది, ఆవిడ దగ్గింది. "చూశారా, తెలివొచ్చింది" అన్నారు. ఆవిడకు తెలివి ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంకొకరు ఐసు గడ్డ తెచ్చి తల కింద తోశారు. దానికి పొలుసులు అంటుకుని ఉన్నాయి. తాళాలగుత్తి ఒకటి చేతిలో పెట్టారు. ఆవిడకు మూర్ఛ లేదు. అయినా ముందుజాగ్రత్త మంచిదే కదా? కిళ్ళీకొట్టు ఆయన కాఫీపొడి పొట్లం చింపుకుని నెత్తురు ఎక్కడా అని వెతికాడు. ఆవిడ ఒంటి మీద ఎక్కడా కనపడలేదు. తెచ్చింది పారెయ్యలేక నా మోచేతికి అద్దాడు. ఇద్దరు సెల్‌ఫోన్లతో ఫోటోలు తీశారు. అది ఏ రకం వైద్యమో నాకు తెలియదు.

మా ఆరెంపీ అచ్యుతరావు గారి సంగతి వేరే చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు దగ్గర మూడేళ్ళు కాంపౌండరుగా చేసి, నాలుగో ఏట మా ఊళ్ళో డాక్టరయ్యారు. ఆయన వచ్చి, ఏమిటి అని అడగకుండా, ఎక్కడ అని చూడకుండా, భుజానికి సూది పొడిచారు. అంతా కలిపి అర నిమిషం. కాలయాపన లేని వైద్యం అంటే అది. ఆ సూదిలో ఏముందని ఇప్పటిదాకా ఎవరూ అర్జీ పెట్టలేదు.

ఇంత చక్కగా జరుగుతుంటే అంగన్‌వాడీ టీచరు దేవకుమారి అంబులెన్సుకి ఫోను చేసింది. "కదపకండి బాబూ, మెడకు తగిలినట్టుంది. నోట్లో ఏం పొయ్యకండి" అని అరిచింది కూడా. పిల్లలకు ఉడకబెట్టిన గుడ్లు పెట్టే మనిషి మాకు వైద్యం చెబుతుందా? పక్కకు నెట్టారు.

ఏలూరులో ఎవరినో దించి ఖాళీగా వస్తున్న బండి కావడంతో తొమ్మిది నిమిషాల్లో దిగింది. అందులోంచి ఫిన్నీ దిగాడు. పెంటపాడు కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. ఇక చూడండి అతని నేరాలు.

దిగగానే చేతికి గ్లౌజులు తొడిగాడు. రాజుగారికి ఒళ్ళు మండింది.

"ఏంటబ్బాయ్, మా మనుషుల్ని ముట్టుకోడానికి తొడుగులు కావాలా నీకు?"

"నా చేతి మురికి అమ్మగారి గాయాల్లోకి పోకుండా అండి."

ఈ సమాధానం ఎవరికైనా నచ్చుతుందా? మా దగ్గర ఎవరు ఎవరిని ముట్టుకోకూడదో తాతల నాడే తేలింది. పెంటపాడు చర్చి కుర్రాడు వచ్చి దాన్ని తిరగేసి చూపిస్తే ఓర్చుకోవడం తేలికా?

"కొంచెం జరగండి బాబూ, గాలి ఆడనివ్వండి" అన్నాడు.

"గాలికేం తక్కువయ్యా, కొల్లేటి గాలి" అన్నారెవరో. అందరూ నవ్వారు. మంగాయమ్మ కూడా కొంచెం నవ్వింది.

తర్వాత ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పేరు అడిగాడు. యాభై మంది ఒక్కసారి "మంగాయమ్మ" అన్నారు. ఆ కుర్రాడు వినిపించుకోలేదు. "మీరు చెప్పండమ్మా" అని ఆవిడనే అడిగాడు. ఊరంతా సాక్ష్యం చెప్పినా నమ్మనివాడు ఏం వైద్యుడు? పట్టపగలు టార్చిలైటు వేసి కళ్ళల్లోకి చూశాడు. ఊపిరి లెక్కపెట్టాడు. మణికట్టు పట్టుకుని వాచీ చూసుకున్నాడు. దెబ్బ మెడకయితే పొట్ట నొక్కాడు, తుంటి నొక్కాడు. చెయ్యి చూద్దామని జాకెట్టు అంచుకు కత్తెర పెడితే మంగాయమ్మే ఆపింది.

"పట్టుది బాబూ. రెండుసార్లు కూడా తొడగలేదు."

"సరేనమ్మా, మడత పెడతాను. కాలి వేళ్ళు కదపండి."

ఆవిడ వేళ్ళు కదిపింది. రెండు కాళ్ళవీ కదిపింది. నేను చూశాను. అతను కాగితం మీద రాసుకున్నాడు.

"మెడ ఎముకకు దెబ్బ తగిలిందేమో. లోపల నరం బాగానే ఉంది" అని మాకు వినపడేలా చెప్పాడు. "మెడకు పట్టీ వేసి, బోర్డు మీద కట్టి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా ఎవరూ కదపొద్దు."

పట్టీ, బోర్డూ బండిలో ఉన్నాయి. బండి వెనక తలుపుకు ఆనించి మా వాళ్ళు ఎనిమిది మోటారుసైకిళ్ళు నిలబెట్టారు. దగ్గర్నించి చూడాలంటే అక్కడే ఆపాలి మరి. నాలుగింటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలియలేదు. ఫిన్నీ, డ్రైవరు కలిసి వాటిని ఒక్కొక్కటే ఈడ్చారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగూ కూడా అర్జీలో ఉన్న పదకొండులోనే ఉన్నాయి. మా ఊరు లెక్కల్లో గట్టిది.

రాజుగారు చూసి చూసి విసిగిపోయారు. "వీడితో అయ్యేలా లేదు. ఎత్తండ్రా, మనమే ఎక్కిద్దాం" అన్నారు.

నలుగురు చేతులు వేసి ఎత్తారు. బండి దాకా మోశారు. తలుపు దగ్గర ఇంకా మూడు మోటారుసైకిళ్ళున్నాయి. ఎక్కించడానికి లేదు, దించడానికి మనసు రాదు. ఆవిడను గాల్లో పట్టుకుని నిలబడ్డారు.

ఫిన్నీ కేక వేశాడు. ఆ రోజు అతను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. చివరి నాలుగు నిమిషాలు ఆవిడను మళ్ళీ పడుకోబెట్టి, పట్టీ వేసి, బోర్డు మీద కట్టడానికి పట్టాయి. అప్పుడు కాలి వేళ్ళు మళ్ళీ కదపమన్నాడు. కదలలేదు. తను కదిపినా ఎందుకు కదలడం లేదో చూసుకుందామని మంగాయమ్మ కాళ్ళ వైపు చూడబోయింది. మెడకు పట్టీ ఉంది, కనపడలేదు.

ఏలూరు దాకా దారి పొడుగునా ఆ కుర్రాడు ఆవిడకు ఊపిరి అందిస్తూనే ఉన్నాడు. మూడో రోజు పోయింది.

పదకొండు నిమిషాలు. అర్జీలో ఉన్న అంకె నిజమే.

సోమవారం వచ్చిన అధికారి ఒక ఆడమనిషి. రాజుగారు కుర్చీ వేయించారు, కొబ్బరిబోండాం కొట్టించారు. ఆవిడ బోండాం పక్కన పెట్టి, ఫిన్నీని పిలిపించి ఎదురుగా నిలబెట్టి, అతను ఆ రోజు నింపిన కాగితం చదివింది. వచ్చిన టైము, కాలి వేళ్ళు కదిలిన టైము, కదలని టైము, అన్నీ ఉన్నాయి. ఒక్క చోట ఆగింది.

"పరికరాల కోసం నువ్వు లేచినప్పుడు పేషెంటు తల ఎవరు పట్టుకున్నారు? ఇక్కడ పేరు రాయలేదే?"

ఫిన్నీ తల వంచుకున్నాడు. "గుర్తు లేదండి."

"ఎవరికీ అప్పగించకుండా లేచావా?"

"గుర్తు లేదండి."

"మెడ దెబ్బ కేసులో తల వదిలేసి లేస్తే ఏమవుతుందో నీకు ట్రైనింగులో చెప్పారు కదా? దీని మీదే ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసండి."

రాజుగారు అందుకున్నారు. "చూశారా అండీ. ఎవరికీ అప్పగించలేదు. మా అందరి ఎదురుగా, దిక్కులేని మనిషిని వదిలేసినట్టు వదిలేసి పోయాడు. ఏవయ్యా శ్రీనివాసరావూ, నువ్వు చెప్పు. ఆ సంతకం కూడా పెట్టెయ్, మేడమ్ గారికి టైమవుతుంది."

అర్జీ నా ముందుకు తోశారు. పెన్ను చేతిలో పెట్టారు.

తల నాకు అప్పగించాడు. నా రెండు చేతులూ తీసి ఆవిడ చెవులకు అటూ ఇటూ పెట్టి, "బాబాయ్ గారూ, నేనొచ్చేదాకా ఎవరేం చెప్పినా వదలకండి. మీదే భారం" అన్నాడు. నేను ఆవిడ తల దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఆవిడ కింద నుంచి నా మొహం చూస్తూ, "మీ మోచేతికి ఆ కాఫీపొడి ఏంటండీ" అంది.

రాజుగారు ఎత్తమన్నప్పుడు ముగ్గురే ముందుకొచ్చారు. "పెళ్ళాన్ని రోడ్డు మీద పడేసి తల నిమురుతూ కూర్చుంటావా? ఎత్తవయ్యా" అన్నారు నాతో. యాభై మంది నన్నే చూశారు. ముప్పై ఏళ్ళుగా ఆయన మాటకు లేస్తున్నాను. ఆ రోజూ లేచాను. తల వదిలి చంకల కింద చేతులు వేశాను. నాలుగోవాడిని నేనే. తల వెనక్కి వాలింది. నేను చూస్తూనే మోశాను.

ఇదే అధికారి ఎదురుగా చెప్పాను. ఆవిడ రాసుకుంది. కింద సంతకం పెట్టమంటే పెట్టాను. అర్జీ మీద పెట్టలేదు.

రాజుగారు, "పెళ్ళాం పోయాక మతి తప్పిందండి, పాపం" అన్నారు. మతి తప్పిన మొగుడి మాట చెల్లదని రెండో అర్జీ రాస్తున్నారట. ఈసారి నూటముప్పై సంతకాలు కావాలట. దొరుకుతాయి. మా ఊళ్ళో సంతకాలకు కరువు లేదు. ఆ ఎత్తిన నలుగురిలో ముగ్గురు ఇప్పటికే పెట్టారు.

బయటికి వచ్చాక ఫిన్నీ నా వెనకే వచ్చాడు. "బాబాయ్ గారూ" అన్నాడు. నేను ఆగలేదు. నా పేరు రాయకుండా వదిలేశాడు. ఉద్యోగం పోయినా సరే నన్ను కాపాడాలనుకున్నాడు. కాపాడవలసిన మనిషి మెడ విరిగి పోయింది, నన్ను కాపాడి ఏం చేస్తాడు? అది మాత్రం నేను క్షమించను.

చెప్పవలసిన చోట ఒకసారి చెప్పాను. ఇక్కడ ఒకసారి రాశాను. ఇంకెవరూ పరామర్శ పేరుతో నా గుమ్మం ఎక్కి ఆ రోజు సంగతి అడగొద్దు. అడిగితే తలుపు వేసుకుంటాను. బతికున్నంత కాలం నా నోటి వెంట ఈ మాట మళ్ళీ రాదు.